ఆరోగ్య పాఠం: గుండెలో వాల్వు లీకయితే



బావి మీద మోటారు పెట్టి చేను తడిపినవారికి ఫుట్‌వాల్వు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. బావిలోకి దింపిన పైపు అడుగున ఉండే మూత అది. మోటారు నీటిని పైకి లాగేటప్పుడు తెరుచుకుంటుంది. మోటారు ఆగగానే మూసుకుని, పైపులోని నీటిని కిందికి పోనివ్వకుండా ఆపుతుంది. ఆ మూత అరిగినా, దాని నోట్లో చిన్న రాయి ఇరుక్కున్నా, పైపులో నిలవవలసిన నీరు మళ్లీ బావిలోకే దిగిపోతుంది. మర్నాడు మోటారు వేస్తే చప్పుడే గాని నీరు రాదు. మోటారు కాలిపోయిందని మనం కంగారుపడతాం. తెలిసిన మెకానిక్ వచ్చి, మోటారు జోలికి పోకుండానే, "ఫుట్‌వాల్వు లీకండీ" అంటాడు.

మన గుండెకూ ఇలాంటి మూతలున్నాయి. ఒకటి కాదు, నాలుగు. ఈ వారం పాఠం వాటి గురించి.

గుండె స్కానింగ్ చేయించుకుని కాగితం చేతపట్టుకుని వచ్చి, "గుండెలో లీకు ఉందన్నారండీ, నెత్తురంతా కడుపులోకి కారిపోతోందా?" అని అడిగేవారిని నేను చాలామందిని చూశాను. ఇంకొందరు "మా పిల్లకు గుండెకు చిల్లు పడిందట" అంటారు. చిల్లు వేరు, లీకు వేరు. చిల్లు అంటే గుండె గదుల మధ్య గోడలో రంధ్రం. అది చాలావరకు పుట్టుకతో వచ్చేది. వాల్వు లీకులో గోడకు ఏమీ కాదు, నెత్తురు గుండె దాటి బయటికి రాదు. ముందుకు పోవలసిన నెత్తురులో కొంత, తలుపు సరిగా మూసుకోనందువల్ల, వచ్చిన గదిలోకే తిరిగి వెళ్తుంది. అంతే. కాని ఆ 'అంతే' ఏళ్ల తరబడి సాగితే ఏమవుతుందో చూద్దాం.

నాలుగు గదులు, నాలుగు తలుపులు

గుండె మన పిడికిలంత ఉంటుంది. పైన రెండు గదులు, కింద రెండు గదులు. కుడి పక్క గదులు ఒళ్లంతా తిరిగి వచ్చిన చెడు నెత్తురును ఊపిరితిత్తులకు పంపుతాయి. అక్కడ ప్రాణవాయువు కలిసిన నెత్తురు ఎడమ పక్క పై గదిలోకి వస్తుంది, అక్కడి నుంచి ఎడమ కింది గదిలోకి దిగుతుంది. ఆ కింది గది బలంగా బిగుసుకుని, బృహద్ధమని అనే పెద్ద గొట్టం ద్వారా తల నుంచి కాలి గోరు దాకా పంపిస్తుంది. పని భారమంతా ఈ ఎడమ కింది గదిదే. అందుకే దాని గోడ మిగతా వాటికంటే మందంగా ఉంటుంది.

పై గదికీ కింది గదికీ మధ్య చెరొక తలుపు, కింది గది నుంచి బయటికి పోయే దారిలో చెరొక తలుపు. వీటినే పాఠ్యపుస్తకాలు కవాటాలంటాయి, మన నోళ్లలో వాల్వులు. ఇవి ఒకవైపుకే తెరుచుకుంటాయి. వీటిని తెరిచేందుకు, మూసేందుకు వేరే యంత్రం ఏదీ లేదు. నెత్తురు తోపుతోనే తెరుచుకుని, నెత్తురు తోపుతోనే మూసుకుంటాయి.

ఎడమ పక్క రెండు గదుల మధ్య ఉన్న తలుపు పేరు మైట్రల్ వాల్వు. ఈ పేరుకు మనతో చుట్టరికం ఉంది. పండుగ పూజల్లో మన పీఠాధిపతులు తలపై ధరించే ఎత్తయిన టోపీ చూశారు కదా, ముందొక రేకు, వెనకొక రేకు ఉంటుంది. దాని పేరు మైటర్. 16వ శతాబ్దంలో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణం బోధించిన వెసాలియస్, రెండు రేకుల ఈ కవాటాన్ని ఆ టోపీతో పోల్చాడు. మిగిలిన మూడింటికీ మామూలుగా మూడేసి రేకులు, దీనికి మాత్రం రెండే. రేకుల అంచుల నుంచి సన్నని నరాల వంటి తాళ్లు కిందికి దిగి, గది గోడలోని చిన్న కండలకు కట్టి ఉంటాయి. గాలివానకు గొడుగు వెనక్కి తిరగబడినట్టు, నెత్తురు తోపుకు రేకులు పై గదిలోకి తిరగబడకుండా ఆ తాళ్లే ఆపుతాయి. ఈ పాఠంలో మనం ఎక్కువగా మాట్లాడుకునేది ఈ మైట్రల్ వాల్వు గురించే. మన ప్రాంతంలో పిల్లలకూ యువతకూ ఎక్కువగా దెబ్బతినేది ఇదే.

నెత్తురు ఒకవైపుకే నడుస్తుందన్నది మీరు ఇంట్లోనే చూడవచ్చు. అదే పాదువాలో చదువుకున్న ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే 1628లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పరీక్ష బొమ్మలతో సహా ఉంది. చేతి మీద నరాలు తేలి కనిపించే తాతగారినెవరినైనా కూర్చోబెట్టండి. మోచేతికి పైన ఒక గుడ్డ కొద్దిగా బిగించి కడితే ముంజేతి నరాలు ఉబ్బుతాయి. అక్కడక్కడ ముడుల వంటి చిన్న ఉబ్బులు కనిపిస్తాయి. అవి నరాల్లోని కవాటాలు. ఒక నరాన్ని మణికట్టు వైపు ఒక వేలితో నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు, ఒక ముడి దాటేదాకా నెత్తురును తోసి, ఆ రెండో వేలు తీసెయ్యండి. ముడి పైన నరం నిండుగా ఉన్నా, కింది భాగం ఖాళీగానే ఉండిపోతుంది. పైనున్న నెత్తురు వెనక్కి రాదు. ఇప్పుడు మొదటి వేలు తీస్తే క్షణంలో నిండుతుంది. గుడ్డ వెంటనే విప్పెయ్యండి, ఎక్కువసేపు ఉంచకూడదు. హార్వే గురువు ఫాబ్రిషియస్ ఈ ముడులను ముందే చూశాడు గాని, నెత్తురు వేగం తగ్గించడానికని అనుకున్నాడు. చూసింది ఒకటే అయినా శిష్యుడు అడిగిన ప్రశ్న వేరు.

లీకు ఏం చేస్తుంది?

గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల నెత్తురు, అంటే టీ దుకాణంలోని చిన్న గ్లాసుడు, ముందుకు పోతుంది. నిమిషానికి సుమారు 70 సార్లు. రోజుకు లెక్క వేస్తే లక్ష సార్లు, ఏడు వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకరు నింపినా ఇంకా మిగులుతుంది.

ఇప్పుడు మైట్రల్ వాల్వు రేకులు అంచుల దగ్గర కలుసుకోవడం లేదనుకోండి. కింది గది బిగుసుకున్నప్పుడు నెత్తురుకు రెండు దారులు దొరుకుతాయి. కొంత ముందుకు, ఒంట్లోకి. కొంత వెనక్కి, పై గదిలోకి. వెనక్కి పోయిన ఆ భాగం మరుసటి దెబ్బకు కొత్త నెత్తురుతో కలిసి మళ్లీ కిందికి దిగుతుంది. మోసిన బస్తానే మళ్లీ మోసే కూలీ స్థితి అది. ఒంటికి కావలసినంత పంపాలంటే గుండె ప్రతి దెబ్బకూ ఎక్కువ నింపుకోవాలి, ఎక్కువ తొయ్యాలి. అందుకని కింది గది మెల్లగా సాగి పెద్దదవుతుంది. తిరిగి వచ్చే నెత్తురుకు చోటివ్వడానికి పై గదీ పెద్దదవుతుంది.

ఇందులో మోసం ఏమిటంటే, గుండె ఈ అదనపు పనిని ఫిర్యాదు చేయకుండా చాలా ఏళ్లు చేస్తుంది. పదేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు. మనిషి పొలానికి వెళ్తాడు, పిల్ల బడికి వెళ్తుంది, అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఒక దశలో కండ అలిసిపోతుంది. వెనక్కి పోయిన నెత్తురు ఒత్తిడి పై గదిలో ఆగక, దాని వెనకనున్న ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మెట్లెక్కితే ఆయాసం. తర్వాత చదునుగా నడిచినా ఆయాసం. రాత్రి పడుకోగానే దగ్గు, లేచి కూర్చుంటే తగ్గడం. ఒక దిండు చాలేవారికి రెండు, మూడు కావాలనిపించడం. దీన్ని ఉబ్బసం అనుకుని నెలల తరబడి పసరు మందులు, దగ్గు సీసాలు వాడేవారున్నారు. పడుకుంటే పెరిగి, కూర్చుంటే తగ్గే ఆయాసాన్ని గుండె పరీక్ష చేయించకుండా వదలకండి. పాదాల వాపు, గుండె దడ కూడా రావచ్చు. పై గది మరీ సాగిపోయినప్పుడు అది లయ తప్పి కొట్టుకుంటుంది. అప్పుడు అందులో నెత్తురు గడ్డ కట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది. పాతికేళ్ల మనిషికి పక్షవాతం వస్తే వైద్యులు మొదట గుండెను కూడా పరీక్షించేది ఇందుకే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ పాఠం చదివి కొందరు నిద్ర మానుకుంటారు. ఎకో స్కానింగ్ కాగితం మీద 'ట్రివియల్' అనో, 'మైల్డ్' అనో రాసి, పక్కన లీకు పేరు ఉంటుంది. ట్రివియల్ అంటే లెక్కలోకి రానంత స్వల్పం. ఆరోగ్యవంతులైన ఎంతోమందిలో ఇంతపాటి లీకు కనిపిస్తుంది. కవాటం రేకులు మామూలుగా ఉండి, గుండె గదులు సాగకుండా ఉంటే దానికి మందూ లేదు, భయమూ లేదు. 'మైల్డ్' అన్నా చాలామందికి ఆపరేషన్ అవసరం రాదు, చెప్పిన గడువుకు మళ్లీ చూపించుకుంటే చాలు. 'మాడరేట్', 'సివియర్' అని ఉంటే మాత్రం గుండె వైద్యుడి దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకూడదు. స్కానింగ్ తెర మీద వెనక్కి పోయే నెత్తురు నీలమో, రంగురంగుల ముద్దగానో కనిపిస్తుంది. ఆ ముద్ద ఎంత దూరం పోతోందో చూస్తారు, కొలతలు తీస్తారు.

స్కానింగులు లేని కాలంలో చెవే ఆధారం. 1816లో పారిస్‌లో లాయెన్నెక్ అనే వైద్యుడు కాగితం గొట్టంలా చుట్టి రోగి ఎదమీద పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. 'లబ్, డబ్' అని వినిపించేది తలుపులు మూసుకునే చప్పుడు. మైట్రల్ వాల్వు లీకయితే ఆ రెంటి మధ్య బుస్సుమనే శబ్దం వస్తుంది. బృహద్ధమని మొదట్లో ఉన్న వాల్వు లీకయితే ఇంకో చిత్రం ఉంది. నెత్తురు బలంగా పోయి, అంతే వేగంగా వెనక్కి పడటంవల్ల నాడి చేతికి తన్నినట్టు తగిలి చప్పున పడిపోతుంది. కొందరిలో గుండె దెబ్బ దెబ్బకూ తల కొద్దిగా ఊగుతుంది. 1857లో చనిపోయిన ఫ్రెంచి కవి ఆల్‌ఫ్రెడ్ ద ముస్సే తల ఇలాగే ఊగేదట. ఆ లక్షణాన్ని వైద్యులు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

గొంతులో మొదలై గుండెకు

వాల్వు ఎందుకు లీకవుతుంది? వయసు మీదపడి రేకులు వదులవడం, తాడు తెగడం, గుండెపోటు తర్వాత కండ బలహీనపడటం, నెత్తురులో చేరిన సూక్ష్మజీవులు రేకును తినెయ్యడం – కారణాలు చాలా ఉన్నాయి. ధనిక దేశాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. మన దగ్గర పిల్లల్లో, యువతలో అసలు శత్రువు వేరే. అది గొంతునొప్పితో ప్రవేశిస్తుంది.

స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి పిల్లల గొంతులో చేరుతుంది. ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల వయసులో. ఇరుకు గదుల్లో ఎక్కువమంది పడుకునే ఇళ్లలో, హాస్టళ్లలో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. నాలుగు రోజుల్లో గొంతు తగ్గిపోతుంది. అందరూ మరిచిపోతారు. రెండు మూడు వారాల తర్వాత కొద్దిమంది పిల్లల్లో జ్వరం, కీళ్లనొప్పులు మొదలవుతాయి. ఇవాళ మోకాలు వాచి ముట్టుకోనివ్వదు, ఎల్లుండికి అది తగ్గి మడమ పట్టుకుంటుంది, ఆ తర్వాత మోచేయి. దీనిని రుమాటిక్ జ్వరం అంటారు. సూక్ష్మజీవిని చంపడానికి ఒళ్లు తయారుచేసుకున్న సైన్యం, దాని పోలికలు ఉన్న మన సొంత కవాటాలనే శత్రువులనుకుని కొడుతుంది. దొంగను వెతుకుతూ వచ్చి, అదే రంగు చొక్కా వేసుకున్న ఇంటాయన్ని పట్టి కొట్టినట్టు.

కీళ్లకు మచ్చ మిగలదు, పూర్తిగా బాగవుతాయి. కవాటాలకు మాత్రం మచ్చ మిగులుతుంది. కీళ్లను నాకి గుండెను కరిచే జబ్బు ఇది అని వైద్య విద్యార్థులకు పాతకాలం నుంచీ చెబుతారు. ఇంట్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. కీళ్లనొప్పికి తైలం రాస్తాం, అది తగ్గగానే జబ్బు పోయిందనుకుంటాం.

ఇంకో రూపంలోనూ ఇది రావచ్చు. పదేళ్ల పిల్ల ఉన్నట్టుండి గ్లాసు జారవిడుస్తుంది, రాత కొక్కిరిబిక్కిరి అవుతుంది, చేతులూ ముఖమూ తన ప్రమేయం లేకుండా కదులుతుంటాయి. బడిలో అల్లరనుకుని కొడతారు, ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కడతారు. ఐరోపాలో దీనిని పునీత వీతుస్ నాట్యం అని పిలిచేవారు. మధ్యయుగంలో ఇలాంటి జబ్బులకు ఆ వేదసాక్షి వేడుదల కోరేవారు. 17వ శతాబ్దంలో థామస్ సిడెన్‌హామ్ అనే ఆంగ్ల వైద్యుడు దీన్ని జబ్బుగా వర్ణించాడు. ఇది రుమాటిక్ జ్వరంలో భాగమే. ఈ పిల్లల్ని కొట్టకండి. గుండె పరీక్ష చేయించండి.

అయితే ప్రతి గొంతునొప్పికీ భయపడాలా? అక్కర్లేదు. పిల్లల గొంతునొప్పుల్లో ఎక్కువభాగం మామూలు పడిశం తాలూకువే. ముక్కు కారుతూ, దగ్గుతూ, గొంతు బొంగురుపోతే అది సాధారణంగా స్ట్రెప్టోకాకస్ కాదు. దగ్గూ పడిశమూ లేకుండా ఒక్కసారిగా జ్వరం, మింగలేనంత నొప్పి, గొంతు ఎర్రబడి తెల్లని చుక్కలు, దవడ కింద నొప్పితో కూడిన బిళ్లలు – ఇవి కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపు పెన్సిలిన్ మొదలుపెట్టినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. మాత్రలు ఇస్తే పది రోజులూ వాడాలి. మూడో రోజుకే పిల్లవాడు గంతులేస్తాడు, మిగిలిన మాత్రలు అలమరలో పడి ఉంటాయి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే.

ఇరవై ఒక్క రోజుల సూది

ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లకు మళ్లీ గొంతు చెడితే, మళ్లీ అదే జ్వరం వచ్చే అవకాశం చాలా ఎక్కువ. వచ్చిన ప్రతిసారీ కవాటం మీద ఇంకో దెబ్బ. మొదటి దెబ్బకు పడిన కొద్దిపాటి లీకు, తర్వాతి దెబ్బలు ఆపగలిగితే తగ్గిపోవచ్చు, కొందరిలో పూర్తిగా మాయమవుతుంది కూడా. అందుకే ప్రతి 21 రోజులకు ఒక బెంజథిన్ పెన్సిలిన్ సూది. పిరుదు కండలోకి ఇచ్చే ఈ మందు మెల్లగా కరుగుతూ మూడు వారాలపాటు కాపలా కాస్తుంది. ఖరీదైనది కాదు. నొప్పి మాత్రం గట్టిగానే ఉంటుంది, అబద్ధం చెప్పను.

ఎన్నాళ్లు? గుండెకు ఏమీ కాకపోతే కనీసం అయిదేళ్లు, యుక్తవయసు వచ్చేదాకా. గుండెకు తగిలినా లీకు మిగలకపోతే పదేళ్లు. కవాటం దెబ్బతిని ఉంటే నలభై ఏళ్ల వయసు దాకా, కొందరికి అంతకంటే ఎక్కువ కూడా. ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి, మనం కాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఏడో తరగతి చదివే ఒక అమ్మాయిని వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకువచ్చింది. కీళ్లు వాచాయి, జ్వరం. చెవి పెట్టి వింటే గుండెలో చిన్న బుస. చికిత్స చేశాం, తగ్గింది. ఇంటికి పంపేటప్పుడు చీటీ రాసి, "ఈ సూది మూడు వారాలకొకసారి వేయించమ్మా, మానొద్దు" అన్నాను. అంతే అన్నాను. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. మొదటి ఏడాది వాళ్లు బాగానే వేయించారు. తర్వాత వేసవి సెలవులకు పిల్ల అమ్మమ్మగారి ఊరు వెళ్లింది, రెండు సూదులు తప్పాయి. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి మూడోదీ తప్పింది. పిల్ల పరుగెడుతోంది, ఆడుతోంది, జబ్బు లేని పిల్లకు ఏడిపించే సూది ఎందుకని వాళ్ల నాన్న అన్నాడట. ఇంకో మాట కూడా ఇంట్లో వచ్చిందట, ఆ సంగతి తల్లి చాలా తర్వాత చెప్పింది: నెలనెలా ఆస్పత్రికి తిప్పుతుంటే రేపు సంబంధాలు చూసేవాళ్లు ఏమనుకుంటారని.

పందొమ్మిదో ఏట ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. మంచం మీద పడుకోలేక కూర్చునే వచ్చింది. ఆ తల్లిని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. సూది జబ్బు తగ్గడానికి కాదు, రాకుండా ఆపడానికి అన్న సంగతి ఆమెకు నేను చెప్పలేదు. పిల్ల బాగున్నన్నాళ్లూ వేయించడమే దాని పని అని చెప్పలేదు. ఈ పాఠం అప్పుడే రాయవలసింది.

సూది వికటిస్తుందన్న భయం కూడా చాలామందిని ఆపుతోంది. పెన్సిలిన్ పడనివాళ్లు ఉన్నారు, నిజమే. కాని ప్రాణం మీదికి వచ్చేంత ప్రమాదం చాలా అరుదు. ముందుగా పరీక్ష చేసి, అత్యవసర మందులు దగ్గర పెట్టుకుని ఇస్తారు. గతంలో మందులేవైనా పడక దద్దుర్లు వచ్చివుంటే ముందే చెప్పండి. ఖాళీ కడుపుతో వెళ్లకండి. పడుకోబెట్టి వేయించుకుని, కాసేపు అక్కడే ఉండి రండి. కవాటం బాగా పాడై ఆయాసంతో ఉన్నవారికి సూదికి బదులు మాత్రలు మేలా అన్నది గుండె వైద్యుడు నిర్ణయిస్తాడు. సూది పడనివారికి వేరే మాత్రలున్నాయి. ఏదీ లేకుండా వదిలెయ్యడం ఒక్కటే దారి కాదు.

తలుపు మార్చవలసి వస్తే

లీకు ముదిరితే మందులు ఆయాసాన్ని తగ్గిస్తాయి గాని, తలుపును బాగుచెయ్యలేవు. ఆపరేషన్ కావాలి. ఆయాసం భరించలేని స్థితికి వచ్చాక చూద్దాంలే అనుకోవడం ఇక్కడ పనికిరాదు. గుండె కండ పూర్తిగా అలిసిపోకముందే చెయ్యాలి. సమయం దాటిపోతే కొత్త తలుపు పెట్టినా పాత బలం రాదు.

మనిషి శరీరంలో మొట్టమొదటి కృత్రిమ కవాటం పెట్టింది లీకు కోసమే. 1952లో అమెరికాలో, యేసుసభ గురువులు స్థాపించిన జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హఫ్నగెల్ అనే శస్త్రవైద్యుడు, ప్లాస్టిక్ గొట్టంలో ఒక బంతి పెట్టి, దాన్ని బృహద్ధమనిలో కింది భాగాన అమర్చాడు. గుండె లోపలికి పోయి ఆపరేషన్ చేసే యంత్రాలు అప్పటికి సిద్ధం కాలేదు, అందుకే బయట పెట్టాడు. సగం పనే చేసింది. బంతి టకటకలాడే చప్పుడు పక్కవాళ్లకు వినిపించేది. 1960లో ఆల్బర్ట్ స్టార్ అనే వైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే విశ్రాంత ఇంజనీరు కలిసి చేసిన బంతి కవాటాన్ని మైట్రల్ వాల్వు స్థానంలోనే పెట్టగలిగారు. ఎడ్వర్డ్స్ మొత్తం గుండెనే తయారుచేద్దామని వచ్చాడు. ముందు ఒక్క తలుపు చేద్దామని స్టార్ ఆయన్ని ఒప్పించాడు.

మన దేశంలో విదేశీ కవాటాల ధర పేదవారికి అందేది కాదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం మూడు నమూనాలు విఫలమైనా పట్టు వదలక నాలుగోది సాధించింది. 1990 డిసెంబరులో దాన్ని మొదటిసారి మనిషికి అమర్చారు. లోహపు చట్రంలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల అటూ ఇటూ వాలుతూ తెరుచుకుంటుంది. ఆ చిత్ర వాల్వు చాలామంది పేద రోగులను బతికించింది. వలియత్తాన్ గారు 2024లో కన్నుమూశారు. మన రాష్ట్రం సంగతికొస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో గుండె కవాటాల ఆపరేషన్లను కూడా చేర్చారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో పథకాలు వేరయ్యాయి, పేర్లూ మారాయి. మీ కార్డు ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో ముందే కనుక్కోండి. పొలం అమ్మకానికి పెట్టేముందు ఆ పని చెయ్యండి.

వీలైనచోట మార్చకుండా సొంత కవాటాన్నే కుట్టి, చుట్టూ వలయం బిగించి బాగుచేస్తారు. పారిస్‌లో అలెన్ కార్పెంటియర్ ఈ పద్ధతికి దారి చూపాడు. వీలుపడితే ఇదే మేలు. కాని రుమాటిక్ జ్వరం మచ్చలు పడ్డ రేకులు బిరుసెక్కి, కుట్టడానికి తరచుగా లొంగవు. మార్చవలసివస్తే రెండు రకాలు: జంతువుల కణజాలంతో చేసినవి, లోహంతో చేసినవి. మొదటివి కొన్నేళ్లకు అరుగుతాయి, చిన్న వయసువారిలో ఇంకా త్వరగా. లోహపువి మన్నుతాయి గాని, వాటి మీద నెత్తురు గడ్డకట్టకుండా జీవితాంతం రోజూ మాత్ర వేసుకోవాలి, ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. పెళ్లి కావలసిన అమ్మాయి విషయంలో ఈ ఎంపిక తేలిక కాదు. ఆ మాత్రల్లో కొన్ని కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి, భర్త కూడా పక్కన ఉండాలి. పెళ్లికి ముందు ఆపరేషన్ సంగతి దాచిన కుటుంబాలు నాకు తెలుసు. ఆ అమ్మాయి అత్తవారింట్లో మాత్ర చాటుగా వేసుకోలేక మానేస్తుంది. కవాటం మీద గడ్డ కట్టడానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.

ఆ మాత్రలు వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు. తోటకూర, గోంగూర, పాలకూర వంటి వాటిలోని 'కె' విటమిన్ మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి, వారం వారం ఒకే తీరుగా తినాలి. తపస్సుకాలం వచ్చిందని మాంసం మాని నలభై రోజులూ మూడుపూటలా ఆకుకూరే తిన్నా, మందు లెక్క తప్పుతుంది. అలా భోజనం మార్చేముందు డాక్టరుకు చెప్పండి, రక్తపరీక్ష ముందుకు జరుపుతారు. పళ్లు రోజూ రెండుసార్లు శుభ్రంగా తోముకోవాలి. చిగుళ్లలోని సూక్ష్మజీవులు నెత్తురులో చేరి కవాటం మీద కూర్చుంటాయి. కవాటం మార్చినవారు పన్ను పీకించుకోవాలంటే ముందు ఆ సంగతి పళ్ల డాక్టరుకు చెప్పి, మందు వేసుకోవాలి.

ఆ అమ్మాయికి లోహపు కవాటం పెట్టారు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక దాని టిక్కుటిక్కు తనకు వినిపిస్తుందని చెబుతుంది. మొదట్లో నిద్రపట్టేది కాదట, ఇప్పుడు వినపడకపోతే భయం. ఆపరేషన్ అయినా 21 రోజుల సూది ఆగలేదు, మిగిలిన కవాటాలను కాపాడుకోవాలి కదా. 21 రోజులంటే సరిగ్గా మూడు వారాలు, కాబట్టి ఎప్పుడూ అదే వారం వస్తుంది. వాళ్లమ్మ గోడ మీది క్యాలెండరులో ఏడాది పొడుగునా ముందే ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి పెట్టింది. పూజకు వెళ్లినప్పుడు గుర్తుంటుందని మొదట ఆదివారం అనుకున్నారు. ఆదివారం సూది వేసే మనిషి ఉండదని శనివారానికి మార్చుకున్నారు.